ఇట్టియవిర తన్నిన టైరు

కేరళలోని పాలా పట్టణ చరిత్ర ఎవరైనా రాయబూనితే, ఆదివారం ఉదయం ఏడింటికి ఇట్టియవిర తన కారు ముందు ఎడమ టైరును కాలితో తన్నే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ముండు పంచె పైకి మడిచి కట్టి, ఒకే ఒక్క తన్ను. పొరుగున ఉన్న మాకు చర్చికి వేళయిందని ఆ చప్పుడుతోనే తెలిసేది.

"రాయి! అచ్చంగా రాయి!" అని భార్య ఏలిక్కుట్టికి ప్రకటించేవాడు.

"అయితే రాయి మీద ఊరేగిస్తారన్నమాట. ఎక్కనా మరి?" అనేదావిడ.

రబ్బరు విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. ముప్పై రెండేళ్లు వర్తకుడి కొట్టులో రబ్బరు షీట్లు వేరు చేసిన మనిషి. షీటును వెలుగుకెత్తి, ఓసారి సాగదీసి, మంచిదైతే కుడి కుప్పలోకి, పెళుసుదైతే ఎడమ కుప్పలోకి విసిరేవాడు. రైతులు ఎంత బతిమాలినా కుప్ప మారేది కాదు. ఇక కారంటారా, వారానికోసారి చర్చికి వెళ్లి రావడమే గనక టైరు మీద గాడులు కొత్తదానికున్నంత లోతుగా ఉండేవి.

జూన్ మొదటి వానలో, చర్చి కింది మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. జారుకుంటూ పోయి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఆయనకు చిన్న గీత కూడా పడలేదు. ఏలిక్కుట్టి కుడి మణికట్టు విరిగింది. ఇంటి వెనక నూట నలభై రబ్బరు చెట్లకు పాల కోసం రోజూ గాటు పెట్టే చెయ్యి అది. మళ్లీ కత్తి పట్టగలదో లేదో కట్టు విప్పాకే చెప్పగలనన్నాడు డాక్టరు.

మెకానిక్ శశి ఆ ముందు ఎడమ టైరులోకి గోరు గుచ్చి చూశాడు. దిగలేదు.

"గాడులుంటే చాలనుకున్నారా అన్నా? రబ్బరు ఎండి గట్టిపడిపోయింది. తడి రోడ్డును పట్టుకోదు. పక్కన బీటలు చూడండి. ఇదే షీటుగా మీ కొట్టుకొస్తే ఏ కుప్పలో పడేసేవాళ్లు?"

ఇట్టియవిర వంగి ఆ బీటల మీద బొటనవేలు నడిపాడు. "ఎడమ," అన్నాడు చివరికి.

మర్నాటి నుంచి కత్తి ఆయన పట్టాడు. మెడకు చెయ్యి వేలాడేసుకుని ఏలిక్కుట్టి వెనకే నడిచింది.

"అంత లోతుగానా అండీ? చెట్టు చస్తుంది!"

"తిట్టు ఏలీ. ఇంకా గట్టిగా తిట్టు."

"తిట్టను. తిడితే మీకు హాయిగా ఉంటుంది."

ఆరు వారాలకు కట్టు విప్పారు. వేళ్లు ముడుచుకుంటున్నాయి గాని, కత్తి నిలవడం లేదు. చెట్లకు ఇప్పటికీ ఆయనే గాటు పెడుతున్నాడు.

టైరు తయారైన వారం, సంవత్సరం దాని పక్క గోడ మీదే నాలుగంకెల్లో అచ్చు వేసి ఉంటాయి. ఆ టైరుకు పద్నాలుగేళ్లు. ఆయన ప్రతి ఆదివారం తన్నింది ఆ అంకెలున్న వైపే.