తోడల్లుడి తీగ

విరుదాచలంలో కొళంజి కాల్చే పింగాణీ ఏనుగులు కొంతకాలంగా మోకాళ్ళ మీద కూలబడుతున్నాయి. మీటరు చూసే కాలుస్తున్నాడు పాపం. కానీ అది తక్కువ చూపిస్తోంది, లోపల ఎక్కువ కాగుతోంది. పక్క బట్టీలో తోడల్లుడు అన్బళగన్ ఏనుగులు మాత్రం రాజాల్లా నిలబడుతున్నాయి. కొళంజికి కడుపుమంట అక్కడే. ఆ పని వాడికి నేర్పింది తనే. ఇప్పుడు అత్తగారు పెద్దల్లుడికి మర్యాదగా వేసే చేప తలకాయ వాడి ఆకులో వేస్తోంది.

ఈసారి కూడా పాడైతే రెండు బట్టీలూ అన్బళగన్‌కే ఇచ్చి, కొళంజిని అతని కింద పెడతానని యజమాని తేల్చేశాడు. అంతటితో ఆగక, వెళ్ళి చూడమని ఆ అన్బళగన్‌నే పంపాడు.

అన్బళగన్ వచ్చి, బట్టీ గోడలోకి దిగిన, వేడి కొలిచే థర్మోకపుల్ తల మీద చెయ్యిపెట్టి చటుక్కున తీశాడు.

"చెయ్యి కాలిపోతోందన్నా. ఇది రెండు చివరల వేడికి తేడా మాత్రమే చెప్తుంది. ఇక్కణ్ణుంచి నువ్వు ఇంటి కరెంటు తీగ లాగావు. ఈ తల దగ్గరి వేడి లెక్కలోకి రావట్లా. మీటరు దాకా దీని తీగే వెయ్యాలి."

తన దగ్గర మిగిలిన నలుపూ ఎరుపూ జంట తీగ ఇచ్చి, బిగించి వెళ్ళనా అని అడిగాడు. నీకు స్క్రూ తిప్పడం నేర్పిందెవర్రా అన్నాడు కొళంజి. అన్బళగన్ గుమ్మం దగ్గర ఆగి రంగుల గురించి ఏదో చెప్పబోయాడు. కొళంజి బ్లోయరు వేసేశాడు. ఆ హోరులో మాట మునిగిపోయింది.

ఎరుపంటే ప్లస్సని ఎవరికి తెలీదు? రెండు చివరలా అలాగే బిగించాడు. మీటరులో అంకె బుద్ధిగా పైకెక్కింది. చేప తలకాయ మళ్ళీ తన ఆకులోకి వచ్చినట్టే అనిపించింది కొళంజికి.

బట్టీ తెరిస్తే ఏనుగుల పొట్టలు పలకకి అంటుకుపోయి ఉన్నాయి.

వాడు కావాలనే పాడు తీగ ఇచ్చాడని ఇంట్లో భార్య పూంగొడి ముందు చిందులేశాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"మా చెల్లి చెప్పింది. ఆ తీగలో ఎరుపు మైనస్సంట. రెండు చివరలా తారుమారు చేస్తే అంకె పైకే పోతుందిగానీ తప్పు రెట్టింపవుతుందంట. మరిది చెప్పబోతే బ్లోయరు వేశావంటగా."

"వాణ్ణి అడగాలా నేను?"

"అక్కర్లేదులే. రేపట్నుంచి ఆయనే చెప్తాడు, నువ్వు చెయ్యడమే."