అటక మీది మరమరాల డబ్బా

మనవరాలు బిష్టుపూర్ నుంచి ఒక పెట్టె తెచ్చింది. లోపల మార్ష్‌మాలో పాకంతో అంటుకున్న మరమరాల ముక్కలు. "అమ్మమ్మా, చఖ్‌కే దేఖో నా," అంది, రుచి చూడమని. అట్ట వెనక, తింటే ఎంత బలమో వరసగా అచ్చేసి ఉంది. అది చదివాక నోట్లో పెట్టుకోలేకపోయాను.

భుయ్యాడీహ్‌లో నాతో పెరిగిన మీకందరికీ మా అమ్మ మరమరాలతో చేసే బెల్లం ఉండలు గుర్తుండే ఉంటాయి. చేతులు నీళ్లలో ముంచుకుంటూ, పాకం వేడి తగ్గకముందే చుట్టేసేది. ఆ వాసనకే మీరంతా మా గుమ్మంలో చేరేవారు.

అరవైల్లో ఒక వానాకాలం మా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. అప్పట్లో జ్వరమంటే లంఖణమే కదా. మా నానమ్మ వాడికి బార్లీ నీళ్లు తప్ప ఏమీ ముట్టనివ్వలేదు. "ఆ మరమరాల డబ్బా ఆడి కంటబడకుండా అటకెక్కించీ," అని నాకు చెప్పింది. ఎక్కించాను.

పన్నెండో రోజున వాడు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, గుప్పెడు మరమరాలైనా పెట్టవే. ఎవులికీ చెప్పన్లే," అన్నాడు.

"తగ్గాక అమ్మ ఉండలు చుడతాదిలే, పడుకో," అన్నాను. చెప్పిన మాట విన్నానని నానమ్మ నన్ను మెచ్చుకుంది కూడా.

వాడికి తగ్గలేదు. సువర్ణరేఖ ఒడ్డుకి తీసుకెళ్లేటప్పుడు, పాడె ముందు దారి పొడవునా చల్లడానికి మరమరాలు కావాలన్నారు.

"అటక మీద ఉన్నాయి కదేటే, దింపు," అంది నానమ్మ.

దింపాను. డబ్బా నిండుగా ఉంది.