మూడు వందల అడుగుల నీళ్లు

నేను జియాలజీలో పీజీ చేశాను. ఆ చదువుకు ఈ మహానగరంలో దొరికిన ఉపయోగం ఏమిటంటే, ఎల్బీనగర్ దాటాక మీర్‌పేట్‌లో మా కిరాయి ఇంటి ముందుగదిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెప్పడం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కూడా అడిగి చూశాను. అక్కడ భూమి గురించి ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. ఎట్లాగూ కాళ్ల కిందే పడి ఉంటుంది కదా అన్న ధీమా కావచ్చు.

ట్యూషన్‌లో నాకు ఒక అసిస్టెంట్ ఉన్నాడు. మా నాయన. పిలవకుండానే వచ్చి గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. చంద్రకళల పాఠంలో చంద్రుడు ఆయనే. బల్బు సూర్యుడు, ఎవరో ఒక పిల్ల భూమి, నాయన తెల్లబంతి పట్టుకొని ఆ పిల్ల చుట్టూ తిరుగుతాడు.

"జర మెల్లగ తిరుగు నాయనా. ఒక్క చుట్టుకు నెల పట్టాలె."

"మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. ఇరవై దినాలకు ఒప్పుకో."

రాళ్ల పాఠం మాత్రం పూర్తిగా ఆయన సొంతం. ఇరవై ఏళ్లు బోరు లారీ మీద పనిచేసిన మనిషి. బోరు దిగుతుంటే పైకొచ్చే పొడి రంగు చూసి కింద ఏ రాయి ఉందో చెప్పేవాడు. నేను అదే విద్య యూనివర్సిటీలో రెండేళ్లు నేర్చుకున్నాను, ఆయనంత బాగా రాలేదు.

రాళ్ల తర్వాత వచ్చేది భూగర్భజలాల పాఠం. అది వచ్చేసరికి నేను ఏటా అంతరిక్షంలోకి పారిపోతాను. "ఇది ఇంటిదగ్గర చదువుకోండ్రి" అని గ్రహణాలు మొదలుపెడతాను. కారణం లోపలి గదిలో మంచం మీద ఉంటుంది. మా అమ్మ.

మాది నల్లగొండ దిక్కు ఊరు. ఊరందరికీ ఒకటే చేదబావి. నాయన నెలల తరబడి లారీతో పాటు జిల్లాలు తిరిగేవాడు. ఊరూరా బోర్లు వేసే మనిషి పెళ్లాం బావి దగ్గర బిందె పట్టుకొని నిలబడటం ఆయనకు ఇజ్జత్ సవాల్. ఒక ఎండాకాలం ఓనరును బతిమాలి లారీని మా వాకిట్లోకే తెచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ల జాడ చూసే పెద్దమనిషి వచ్చి, కాయ లేచి నిలబడ్డ చోట పసుపు, కుంకుమ పెట్టించాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరంతా మా వాకిట్లోనే. రాతిపిండి మీదపడి అందరూ ఒకే కులంవాళ్లలా తెల్లగా అయ్యారు. మూడు వందల అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. మొదటి చెంబు అమ్మ చేత తాగించాడు నాయన.

ఆ తర్వాత కూడా అమ్మ అప్పుడప్పుడు బావికే పోయేది. ఆ నీళ్లు నోటికి అలవాటు, అక్కడి ముచ్చట్లు ఇంకా అలవాటు. నాయన సెలవుకు వచ్చినప్పుడు చూసి కోపానికి వచ్చాడు. "పైన నీళ్లల్ల మట్టి, మురికి. లోతుకు పోయినకొద్ది సాఫ్ నీళ్లు. ఇంట్ల బోరు పెట్టుకొని బావికి పోతవా?" అమ్మ పోవడం మానేసింది.

ఆ బోరు నీళ్లు నాయన ఏడాదికి నెలో, నెలన్నరో తాగి ఉంటాడు. నేను హాస్టల్లో చదివాను. మిగతావన్నీ అమ్మే తాగింది, మేము పట్నం వచ్చేదాకా, పదమూడేళ్లు. మొదట మోకాళ్లు, తర్వాత నడుము, చివరికి మెడ బిగుసుకుపోయాయి. ఇప్పుడు ఆమె ఎవరినైనా చూడాలంటే మొత్తం మనిషి తిరగాలి. సైదాబాద్‌లో చూపించిన డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, "నీళ్లల్లో ఫ్లోరైడ్, ఎముకకు పట్టేసింది" అన్నాడు. బయటికొచ్చాక నాయన, "ఆ బావినీళ్లే కొంప ముంచినయ్. మన బోరు లేకపోతే ఇంకెంత అయితుండెనో" అన్నాడు. ఆటోలో ఇంటిదాకా అదే మాట. అప్పటికి నేను పీజీ రెండో ఏడు. జవాబు తెలుసు. ఆటో చప్పుడు ఎక్కువగా ఉందని మాట్లాడలేదు.

ఈ ఏడు అంతరిక్షానికి టికెట్ దొరకలేదు. మర్నాడు బడిలో ఆ పాఠం మీదే పరీక్ష. పిల్లలు వదల్లేదు. నాయనను "పాలు తెచ్చిపెట్టు" అని బయటికి పంపి గబగబా చెప్పడం మొదలుపెట్టాను. వాన నీళ్లు నేలలోకి ఇంకడం, రాతి పగుళ్లలోకి దిగడం, ఏళ్లకేళ్లు అక్కడే నిలిచి రాయిలోని లవణాలను కరిగించుకోవడం. పాలదుకాణం మరీ దగ్గర. నాయన ప్యాకెట్‌తో వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"బోరు సంగతా? నన్నడుగుండ్రి" అని మా వాకిట్లో బోరు కథ ఎత్తుకున్నాడు. కొబ్బరికాయ, రాతిపిండి, మొదటి చెంబు, ఏదీ వదల్లేదు. "మూడొందల అడుగులు! పైనీళ్లు కావు, అసలైన నీళ్లు."

ముందు వరసలో కూర్చునే పిల్లది గుంటూరు వైపు కుటుంబం. తెలివైనది, పైగా మర్యాదస్తురాలు. ఆ రెండూ ఉన్నవాళ్లతోనే ప్రమాదం.

"కాదండీ తాతగారూ. లోతు నీళ్లు రాయిలో ఎక్కువ కాలం ఉంటాయి కదా, ఎక్కువ కరిగించుకుంటాయి. గ్రానైట్ అయితే ఫ్లోరైడ్ కూడా. టీచర్ ఇప్పుడే చెప్పారు."

నాయన నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "అవునా బిడ్డా?"

ఎనిమిది మంది పిల్లలు నా వైపు చూస్తున్నారు. రేపు పరీక్ష. "అవును" అన్నాను.

ఆయన ముఖం మీద నవ్వు ఇంకాసేపు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు.

పిల్లలు వెళ్లిపోయినా నాయన కుర్చీలోంచి లేవలేదు. పాల ప్యాకెట్ ఒళ్లోనే ఉంది.

"నూరడుగులకే పడ్డయ్" అన్నాడు.

"ఏంది?"

"నీళ్లు. సన్నగ. ఒక్కింటికి సరిపోతుండె. ఇంక చాలు, ఆపుదాం అన్నడు మా డ్రైవరు. నా ఇంటికాడ ఆపుతవారా, దించు అన్న నేనే."

ఆ కథ ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చెప్పాడో, ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. చెప్పదగ్గ ముక్క అనుకొని ఉండడు.

"నూరు కాడ ఆపితే మీయమ్మ మంచిగుంటుండెనా?"

ఆ ఊరి పైనీళ్లు కూడా అమృతమేం కాదు. కానీ ఇంత కాకపోయేది. పీజీ పట్టా ఉన్న మనిషిగా ఆ మాత్రం చెప్పగలను.

"అది సిలబస్‌ల లేదు నాయనా" అన్నాను.

నా జోకులకు ఇంట్లో నవ్వేది ఆయన ఒక్కడే. నవ్వలేదు. పాల ప్యాకెట్ నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. మంచం కిర్రుమంది, అంచున కూర్చున్నట్టున్నాడు.

"అయిపోయిందా క్లాసు? ఇయ్యాల ఏం పాఠం?" అమ్మ గొంతు.

"మన బోరు సంగతే" అన్నాడు నాయన. తర్వాత గొంతు తగ్గించి చాలాసేపు ఏదో చెప్పాడు. నేను వినకూడదని వంటగదిలో నల్లా తిప్పాను. కట్టేసేసరికి ఆయన చెప్పడం అయిపోయింది.



"సరే తీయి" అంది అమ్మ. "జర నన్ను గోడ దిక్కు తిప్పు. నడుము గుంజుతుంది."