నూలు మగ్గం, నడుముకి పట్టు

ఈ విషయంలో నేనెంత తెలివితక్కువవాణ్ణో ముందే ఒప్పేసుకుంటాను: మందు ఎంత మండితే అంత పనిచేస్తున్నట్టని సగం జీవితం నమ్మినవాణ్ణి. మొన్న నడుం మళ్లీ పట్టేస్తే డాక్టరుగారు ఏదో జెల్ రాశారు, నేను రాసుకున్నాను. ఆయన రాతకీ నా రాతకీ ఆ మాత్రం తేడా ఉంది. వీపు జిల్లుమనగానే లోపలి మంటంతా చల్లారిపోయిందని సంబరపడుతుంటే, ఫిజియోథెరపీ చదువుతున్న మా మనవరాలు నవ్వి, చర్మం నిజంగా చల్లబడేది కాస్తేననీ, చలి కబురు మోసుకొచ్చేది నరాలేననీ, మండే మందులైతే నెత్తుటిని చర్మం పైకి రప్పించి ఎర్రబరుస్తాయనీ, వాటి మీద మళ్లీ వేడి పెడితే కాలుతుందనీ చెప్పింది. ఆ చివరి మాటకి నా వీపు నాకంటే ముందు మంగళగిరి చేరిపోయింది.

వయసులో ఉండగా అక్కడ మాది గుంట మగ్గం, నేలలో తవ్విన గోతిలో కాళ్లు దింపి కూర్చునే రకం. నేసేది నూలు చీరలే, పట్టు నా నడుముకి మాత్రం వచ్చేది. ఒకసారి షావుకారుగారు పెళ్లివారి చీరలకి పడుగు నూలిచ్చి, చెప్పిన రోజుకి నేసి దించకపోతే ఇక నూలిచ్చేది లేదన్నారు. సరిగ్గా అప్పుడే నడుం పట్టేసింది. పక్క మగ్గం మా అక్క భర్తది. బావగారు ఎర్రటి లేపనం చేతిలో పెట్టి, "మందంటే మండాలోయ్ బావమరిదీ! పట్టు వెయ్యి, పొద్దున్నకి లేచి గెంతుతావ్" అన్నారు. పట్టంటే పల్చగా పూయమని ఆయన భావం. నేను మందంగా పూసి, అదీ చాలదేమోనని పైన ఉప్పుమూటతో కాపడం పెట్టించుకుని, తుండుగుడ్డతో బిగించి పడుకున్నాను. ఒళ్లు ఎర్రబడుతుంటే నెత్తురు కదిలిందని మురిసిపోయాను కూడా. తెల్లారేసరికి బొబ్బలు. చొక్కా తగిలితేనే ప్రాణం పోతుంటే గుంటలో కూర్చోవడమెక్కడ! మిగిలిన చీరలు బావగారే నేశారు, తరవాతి పడుగూ ఆయన మగ్గమే ఎక్కింది. నేను విజయవాడలో బట్టల కొట్లో చేరి, ఇంకొకరు నేసిన చీరలు మడతపెడుతూ ముసలివాణ్ణయ్యాను. ఏ శుభకార్యంలో కనిపించినా, "ఏమోయ్, పట్టు వదిలిందా?" అని ఆయన పదిమందిలో అడగడం మాత్రం మానలేదు.

ఈ రోహిణి కార్తెలో బావగారు మోకాళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు. నేనే కూర్చోబెట్టి రెండు మోకాళ్లకీ నా జిల్లుమనే జెల్ దట్టంగా పట్టించి, టేబుల్ ఫాను ఎదురుగా పెట్టాను.

"అసలు మండట్లేదే! ఇదేం మందోయ్?"

"మండేవి మానేశాం బావగారూ."

కాసేపటికి, బెజవాడ ఎండలో, దుప్పటి అడిగారు. ఇచ్చాను. ఆయన వేళ్లు అలవాటుగా అంచు తడిమాయి. "మరమగ్గం గుడ్డ" అని నెమ్మదిగా పక్కన పెట్టేశారు. మా గుంటలు రెండూ పూడ్చి గచ్చు చేసి చాలా కాలమైంది. ఆయన మగ్గం నాదానికంటే కొన్నాళ్లు ఎక్కువ ఆడింది, అంతే. ఇద్దరం అలసిన నడుములు గోడకి ఆనించి కూర్చున్నాం. ఆయన మోకాళ్లు చేత్తో కప్పుకుని వణుకుతున్నారు.

ఫాను మాత్రం నేను ఆపలేదు.