ఒకే నంబరు, రెండు గ్రూపులు

తెనాలిలో ఒక బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్ పనికి కొత్తగా చేరాను. బాపట్ల, రేపల్లె శాఖల పట్టికలను ఒక ప్రధాన పట్టిక కిందికి చేర్చింది నేనే. ఒక మధ్యాహ్నం కాన్పు కేసుకు రక్తం కావాల్సి వచ్చింది. రేపల్లె ప్యాకెట్ నంబరు కొడితే రెండు గ్రూపులు కనబడ్డాయి.

"ఏంటమ్మాయ్ ఇది? మళ్లీ పరీక్ష చేశాకే ఇస్తాను" అని నర్సక్క ప్యాకెట్ పక్కన పెట్టేసింది.

వెంటనే రేపల్లెలో స్టిక్కర్లు అంటించే బాబాయ్‌కి ఫోన్ చేశాను. "మీరే తప్పు అంటించారండీ" అన్నాను.

"నా చెయ్యి తప్పదమ్మా. ముందు నీ కంప్యూటర్ పెట్టెనడుగు" అన్నాడాయన.

అడిగాను. నంబరు రెండోసారి రాకూడదన్న నియమం ప్రధాన పట్టికకే పెట్టాను. కింది పట్టికలకూ అదే వర్తిస్తుందనుకున్నాను. వర్తించలేదు. రెండు ఊళ్లూ వేర్వేరు ప్యాకెట్లకు ఒకే నంబరు ఇచ్చాయి.

పరీక్ష చేసి సరైన రక్తమే ఎక్కించారు. తల్లీబిడ్డా క్షేమం.

నన్ను నోరులేనిదంటారు అందరూ. నింద వేయడానికి నాకు నిమిషం పట్టలేదు. క్షమించమనడానికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది.