కుట్టుమిషన్ చెప్పిన సాక్ష్యం

కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాడికీ, కొత్తగా పాఠం చెప్పబోయినవాడికీ ఒకటే ఆత్రం: ఎదురైన ప్రతివాణ్ణీ సాయంత్రంలోగా మార్చేయాలి. ఆ రోజుల్లో నాకు రెండు ఆత్రాలూ ఒకేసారి పట్టుకున్నాయి. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం వాళ్లకు అకౌంట్స్ చెప్పేవాణ్ణి. ఝరాసంగం, మొగుడంపల్లి నుంచి షేర్ ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చే పిల్లలు, బెంచీ మీద కాస్త జాగా దొరకగానే నిద్రపోయేవారు. రంగుల చార్టులు గీశాను, నిద్రపోయారు. దుకాణం ఆట ఆడించాను, సరుకుగా పెట్టిన బిస్కెట్లను ముగింపు నిల్వ లెక్కించేలోపే తినేశారు. ప్రిన్సిపాల్ సారు (ఆయనా కామర్సు మనిషే) పిలిచి, పిల్లలు పాసవకపోతే వచ్చే ఏడు నాకు మళ్లీ నియామకం ఆర్డర్ ఇవ్వడం కుదరదని మర్యాదగానే చెప్పారు.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు వింటుంటే దారి కనిపించింది. మా సంఘంలో ఒక్కొక్కరు లేచి, తామెలా ఉండేవారో, ఏం జరిగిందో, ఇప్పుడెలా ఉన్నారో చెబుతారు. ఖాతా సంగతీ అంతే కదా: మొదట ఎంత ఉంది, ఏం జరిగింది, చివరికెంత మిగిలింది! పైగా మా ప్రభువు మాత్రం నల్లబల్ల వాడాడా? విత్తనాలూ వలలూ చూపించే కదా బోధించాడు. సోమవారం ఒక్కొక్కరిని ఒక్కో ఖాతాగా నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నాను. (తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు కనుక స్తోత్రాల బదులు చప్పట్లు పెట్టాను.) నగదు లేచి తాను బయటికి పోయానంది, బల్ల లేచి తాను లోపలికి వచ్చానంది. ఎవరూ నిద్రపోలేదు.

సాక్ష్యం చెప్పేవాడికి ఒక శోధన, అంటే ఒక ప్రలోభం, ఉంటుందని నేను మరిచాను. గతం ఎంత ఘోరమైతే సాక్ష్యానికి అంత బరువు. మా సంఘంలోనే ఎప్పుడో ఒక బీడీ కాల్చిన పెద్దమనిషి, చెప్పగా చెప్పగా ఊరికెల్లా పేరుమోసిన తాగుబోతయ్యాడు. నా తరగతిలోనూ అదే జరిగింది. రాయికోడ్ నుంచి వచ్చేవాణ్ణి అందరూ రాయికోడ్ అనే పిలిచేవారు. వాడు కుట్టుమిషనై లేచి, కొత్తలో తనకు పసుపు కుంకుమ పెట్టినవాళ్లే ఇప్పుడు మూలకు నెట్టారని, తరుగుదల పేరుతో ఏటేటా తన విలువ తగ్గిస్తున్నారని చెబితే ఆడపిల్లలు కళ్లొత్తుకున్నారు. తరుగుదల పాఠానికి ఏడ్చిన తరగతి ఇంకెక్కడైనా ఉంటుందా అని నేను పొంగిపోయాను.

కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష పేపర్లు ప్రిన్సిపాల్ సారే దిద్దారు. మర్నాడు నన్ను కూర్చోబెట్టి రాయికోడ్ పేపర్ ముందుంచారు. మిషన్ ఆత్మకథ పేజీలకు పేజీలు సాగింది. మిగిలినవాళ్లూ తక్కువ తినలేదు.

"సార్, గీ కథ ఇంట్ల సదివితే మా ఆమె కండ్లనీళ్లు పెట్టుకున్నది. మంచిదే. గని పట్టిక ఏది? మార్కులు యాడ వెయ్యాలె? యూనివర్సిటీల గూడ గిట్లనే రాస్తే పిల్లల గతేంది, మీ గతేంది?" అన్నారాయన.

పరుగున తరగతికి వెళ్లి, సాక్ష్యం నోటికే, కాగితం మీద పట్టికేనని ప్రకటించాను. రాయికోడ్ నొచ్చుకున్నాడు.

"గట్లయితే మిషన్ బాధ ఎవలకు చెప్పుకోవాలె సార్?"

"ముందుగాల పట్టిక గియ్యి. జాగ మిగిలితే ఏడువు."

యూనివర్సిటీ పరీక్షనాడు ఉపవాసముండి మోకాళ్ల మీద పడ్డాను. తరుగుదల నిమిత్తం పరలోకానికి చేరిన మొదటి విన్నపం బహుశా అదే. ప్రభువు వినకపోలేదు. చాలామంది గట్టెక్కారు, రాయికోడ్ కూడా అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. నాకు ఆర్డర్ వచ్చింది. దానితోపాటు వార్షికోత్సవ నాటకాల బాధ్యతా వచ్చింది.

"మీకు అకౌంట్స్ కన్న గదే మంచిగొస్తది సార్," అన్నారు ప్రిన్సిపాల్ సారు, మెచ్చుకోలుగానే.

తర్వాత శిక్షణా తరగతులకు వెళ్లి బోధనా పద్ధతులన్నిటికీ సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. ఇప్పుడు నా పాఠం తడబాటు లేకుండా సాగుతుంది. అయినా తరుగుదల పేరెత్తినప్పుడల్లా, దానికోసం అన్నం మానేసిన ఆ కుర్ర సారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఏ పాఠం కోసమైనా నేను మోకరించి చాలా కాలమైంది.