రాక్షసిబొగ్గు

మా ఇంట్లో బొగ్గు చూసి తీసుకోవడం ఆడవాళ్ళ పని. ఇనుము సంగతి మగవాళ్ళది, నిప్పు సంగతి మాది. మా అత్త కాలం నుంచీ అదే పద్ధతి. మా ఆయన బొగ్గుల గంప వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. తిత్తి లాగేది నేను, ఏ ముక్క ఎప్పుడు కొలిమిలో పడాలో చూసేది నేను. ఆయన ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకారుతో తీసి, సుత్తితో కొట్టే దాగలి మీద పెట్టేదాకా అక్కడ నాదే పెత్తనం. నలుగురిలో ఆ మాట చెప్పుకుని మురిసేదాన్ని కూడా. ఆ మురిపెమే నన్ను ముంచింది.

మంచి బొగ్గును చెవితో పట్టాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమని పలకాలి. విరిస్తే లోపల నల్లగా మెరవాలి. సరిగా కాలని ముక్క మొద్దుగా చప్పుడు చేస్తుంది, కొలిమిలో పొగ కక్కుతుంది. రోజువారీ పనికి మాకు తుమ్మబొగ్గు, ఇనుముకు ఇనుము అతికే పనికి చండ్రబొగ్గు. పుల్లలచెరువు అవతల అడవి అంచు ఊళ్ళ వాళ్ళు గాడిదల మీద తెచ్చి ఇచ్చేవాళ్ళు.

యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బస్సులు కూడా బొగ్గు మీద నడవడం మొదలుపెట్టాయి. బస్సు వెనక పీపా లాంటి పొయ్యి ఒకటి తగిలించేవాళ్ళు. ఇంకేముంది, అడవిలో బొగ్గుబట్టీ తెరిచిన పూటే కంట్రాక్టరు మనుషులు మొత్తం మార్కాపురానికి తోలుకుపోయేవాళ్ళు. గాడిదలు మా ఊరి మొహం చూడటం మానేశాయి. మా కొలిమి వారానికి నాలుగు రోజులు చల్లగా పడి ఉండేది.

అట్లాంటి రోజుల్లో బావులు తవ్వే ఆయన ఒకడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరి పడమట చేలలో కొత్త బావి తవ్వుతున్నారు వాళ్ళు. గంపలో కూర్చుని దిగేందుకు, మోకు చివర కట్టే ఇనప కొక్కెం కావాలి. పాతది అరిగిపోయింది. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు ఆయన. మనిషి నవ్వకుండా మాట్లాడేవాడు కాదు. "చెల్లెమ్మా, రెండు రోజుల్లో కావాల. నా పానం దానికే యాలాడేది, గట్టిగా చేయించు" అన్నాడు.

కొక్కేనికి మోకు దూర్చే కన్ను అతకాలంటే చండ్రబొగ్గే కావాలి, మా బొగ్గుల గంపలో అది గుప్పెడు కూడా లేదు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బొగ్గు విషయంలో నేను చేతులెత్తేసిన రోజు అంతవరకు లేదు మరి. మరుసటి రోజు కురిచేడు స్టేషను దాకా నడిచి, ఇంజను బూడిద దులిపే చోట సగం కాలిన రాతిబొగ్గు ఏరుకొచ్చాను. మా వైపు దాన్ని రాక్షసిబొగ్గు అంటారు. మా అత్త అయితే దాన్ని కొలిమి ఛాయలకు రానిచ్చేది కాదు, అది ఇనుము రక్తం తాగుతుందనేది. ముసలివాళ్ళ మాటలే అనుకున్నాను. చిన్న ముక్కలు చేసి అడుగున పరిచి, పైన మా దగ్గరున్న నాలుగు తుమ్మబొగ్గులు కప్పాను.

మంట బ్రహ్మాండంగా లేచింది. దాంతోపాటు గంధకం వాసన కూడా లేచింది. మా ఆయన సుత్తి ఆపి, "ఏందే ఈ వాసన? బొగ్గు మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే. తడిసినట్టుంది, అంతే" అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం. కొక్కేనికి రాళ్ళగంప వేలాడదీసి చూశారు, నిలిచింది. ఎనిమిది రోజులు ఆ మనిషిని దింపింది, ఎక్కించింది. తొమ్మిదో రోజు పైకి వస్తుండగా అతుకు దగ్గర తెగింది.

తెగిన చప్పుడు నేను వినలేదు. నేను అప్పుడు ఇంట్లో జొన్నలు చెరుగుతున్నాను. అయినా ఆ చప్పుడు ఈ రోజుకీ నాకు వినబడుతూనే ఉంటుంది. గిన్నె జారినా, తలుపు గొళ్ళెం పడినా ఉలిక్కిపడి పడమటి చేల వైపు చూస్తాను.

మా ఆయన ఊరందరి ముందు నిలబడి, "అతుకు నాది, తప్పు నాది" అన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆయన ముద్ద నోట పెట్టుకోలేక కంచం పక్కకు జరుపుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఛీ, ఏం మనిషిని నేను!

కర్మకాండ అయిన నాలుగో రోజు చనిపోయినాయన భార్య మా గుమ్మంలోకి వచ్చింది. కొంగులోంచి కొక్కెం ముక్కలు రెండూ తీసి దాగలి మీద పెట్టింది.

"అన్నా, ఇంకోటి చెయ్యి. మా మరిది దిగుతానంటున్నాడు. నీళ్ళు పడకుండా ఆ బావి వదిలేస్తే మా ఆయన ఊరికే పోయినట్టు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "వదినా, బొగ్గు నువ్వే చూడు. నువ్వు చూస్తే నాకు ధైర్యం" అంది.

ఆ మాటకు నేను అక్కడే కూలిపోవలసింది. కూలిపోలేదు. గోతం భుజాన వేసుకుని తెల్లారేసరికి పుల్లలచెరువు దారి పట్టాను.

రెండు రోజులు నడిచి అడవి అంచున ఒక బట్టీ దగ్గరికి చేరాను. కాపలా ఉన్న ముసలాయన, "కంట్రాక్టరు బొగ్గమ్మా, ముక్క ఇచ్చినా నా తోలు తీస్తాడు" అన్నాడు. ఒక మనిషి చనిపోయాడని, ఇంకో మనిషి దిగబోతున్నాడని చెప్పాను. నా వల్ల చనిపోయాడని మాత్రం ఆయనకు కూడా చెప్పలేదు. ముసలాయన నా ఖాళీ గోతం చూసి, "బట్టీకి మెత్తేదానికి మట్టి కలపాల. నీళ్ళు చానా దూరం. మోస్తావా?" అన్నాడు. ఆ కరువు నేలలో చెలమ ఎక్కడో వాగు వంపులో ఉంది. పొద్దుగూకేదాకా కడవలు మోశాను. ఆయన తన వాటా చండ్రబొగ్గు కుప్ప చూపించి ఏరుకోమన్నాడు.

ఒక్కొక్క ముక్కనూ తగిలించి విన్నాను. ముక్క పలికినప్పుడల్లా ఆ పోయిన మనిషి నవ్వబోయి ఆగినట్టు ఉండేది. పారేసినవి ఎక్కువ, గోతంలో వేసినవి తక్కువ. ముసలాయన విసుక్కుని, "బంగారం ఏరుతుండావా ఏంది?" అన్నాడు.

తిరిగి వచ్చాక మా ఆయన తెగిన ముక్కలు ముట్టుకోలేదు. మూలనున్న పాత బండిచక్రం పట్టా తెంచి కొత్త కొక్కెం చేశాడు. నిప్పు తెల్లగా, పొగ లేకుండా మండింది. అతుకు వేసిన చోట ఆయన మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టాడు.

బావి దగ్గర మళ్ళీ రాళ్ళగంప కట్టబోయారు. రాళ్ళకు పోయినసారి కూడా నిలిచింది కదా! నాకు అది చాలలేదు. "ముందు నేను దిగుతా" అన్నాను. ఆడది బావిలోకి దిగడమేందని మగవాళ్ళు అరిచారు. మా ఆయన వద్దని చెయ్యి పట్టుకున్నాడు. "దిగనీ అన్నా" అంది చనిపోయినాయన భార్య.

గంప కిందికి పోయేకొద్దీ ఆకాశం పళ్ళెమంత అయింది. అడుగున చల్లగా, చీకటిగా ఉంది. చనిపోయినాయన గడ్డపార గోడలో గుచ్చి అట్లాగే ఉంది, తీసేందుకు ఎవరికీ చేతులు రాలేదు కాబోలు. దాన్ని పట్టుకోగానే ఇన్నాళ్ళూ బిగబట్టింది బయటికి వచ్చేసింది.

"అన్నా, రాక్షసిబొగ్గు వేసింది నేను. మా ఆయన అడిగితే మంచిదేనని అబద్ధం చెప్పినా. ఆయనకేం తెలీదు. నేనే చంపినా అన్నా నిన్ను" అన్నాను. ఆయనకు ఒక్కడికే చెబుతున్నాననుకున్నాను. గొణుక్కున్నా సరే, బావి మాటను పైకి మోసుకుపోతుందన్న ధ్యాస నాకు లేదు.

పైన మాటలు టక్కున ఆగాయి. అప్పుడు అర్థమైంది నాకు.

గంపలోకి ఎక్కి కూర్చుని మోకు కదిలించాను. అది కదల్లేదు. ఇక్కడే వదిలేస్తారు, వదిలేయడమే న్యాయం అనుకున్నాను. భయం మాత్రం తగ్గలేదు. ఎంతసేపు అట్లా ఉన్నానో చెప్పలేను. ఆ తర్వాత గంప మెల్లగా, కుదుపులతో పైకి లేచింది.

గట్టు మీదికి తల వచ్చేసరికి చూశాను. మోకు లాగవలసిన మగవాళ్ళంతా చేతులు వదిలేసి దూరంగా నిలబడి ఉన్నారు. లాగుతున్నది ఇద్దరే. ముందు ఆమె, వెనక మా ఆయన. ఇద్దరి చేతులూ ఒరుసుకుపోయాయి. ఇద్దరూ నా మొహం చూడలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నా రెక్క పట్టుకుని గంపలోంచి గట్టు మీదికి దింపింది. "రా అబ్బీ" అని మరిదిని పిలిచి, అదే గంపలో కూర్చోబెట్టి, మళ్ళీ మోకు పట్టుకుంది.